ఆహార సహకార దుకాణం: కొనేవారి చేతిలోనా, పనిచేసేవారి చేతిలోనా – ఏది మేలు?

విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రకృతి సేద్యపు సరుకుల కోసం సహకార దుకాణం పెట్టుకోవాలనుకునే కాలనీవాసులు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటే: యాజమాన్యం సరుకు కొనే కుటుంబాలకు ఉండాలా, దుకాణంలో పనిచేసేవారికి ఉండాలా? ఇలాంటి సంఘాల నమోదుకు వీలు కల్పించే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం గురించి వారికి తెలుసు కనుక నమోదు వివరాల జోలికి ఎక్కువగా పోవడం లేదు.

కొనేవారి యాజమాన్యం పాత పద్ధతి. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో తెరిచిన దుకాణం ఇలాంటిదే; ఎవరెంత కొన్నారన్న లెక్క ప్రకారం మిగులును సభ్యులకు పంచడం దానితోనే పేరుకెక్కింది. వంద కుటుంబాలు తలా కొంత వాటాధనం వేస్తే పెట్టుబడి సమకూరుతుంది, ఖాతాదారులూ ముందే ఖాయమవుతారు. పనిచేసేవారికి ఈ రెండు వసతులూ లేవు. అయితే 1959లో ముంబయిలో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ అప్పడాల సంస్థలో అప్పడాలు ఒత్తే మహిళలంతా సహయజమానులే కనుక, పెట్టుబడి లేమి ఒక్కటే అడ్డంకి అనలేము.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది పెట్టుబడి కాదు, తరుగు, అంటే సరుకు పాడై పోయే నష్టం. దుగ్గిరాల పసుపు నెలల తరబడి నిలవుంటుంది గాని తోటకూర మర్నాటికి ఆగదు. మందు కలపని మినుములకు వానాకాలంలో పురుగు పట్టడం మొదలైందని, తవుడు పొర పోని బియ్యం ముక్కవాసన వేస్తోందని, బస్తాలో చెయ్యి పెట్టి చూసే మనిషికే ముందు తెలుస్తుంది. ఎండబెట్టి జల్లించాలా, ధర తగ్గించి ఆ సాయంత్రమే వదిలించుకోవాలా, రైతుకు తిప్పి పంపాలా అన్నది అప్పటికప్పుడు తేలాలి. కొనేవారి సంఘంలో ఆ మనిషి జీతగాడు మాత్రమే; అధికారం నెలకొకసారి కూడే కార్యవర్గానిది. తోటకూర ధర మీద కార్యవర్గం వాట్సాప్‌లో చర్చ ముగించేలోపు కట్టలు ఆవుల పాలవుతాయి. పనిచేసేవారే యజమానులైన చోట సరుకును చూసేదీ, నిర్ణయించేదీ, నష్టం భరించేదీ వారే.

పనిచేసేవారే యజమానులైతే ధరలు పెంచి తమ జీతాలు పెంచుకుంటారన్న అనుమానం ఒకటి వినబడుతుంది. 1999 నుంచి రైతుబజార్లకు అలవాటుపడ్డ కొనుగోలుదారుల దగ్గర ఆ ఎత్తు ఎక్కువ కాలం సాగదు. అసలు ప్రమాదం వేరు. తొలి సభ్యులు వాటాలు తమ దగ్గరే ఉంచుకుని, కొత్తగా వచ్చినవారిని జీతానికి పెట్టుకుంటూ పోతే నాలుగేళ్లలో అది మామూలు భాగస్వామ్య కిరాణా అవుతుంది. ఏడాది పనిచేసిన వారికి సభ్యత్వం హక్కుగా ఇవ్వాలని, వాటాధనాన్ని జీతంలోంచి వాయిదాల్లో తీసుకోవాలని, మానేసినప్పుడు కట్టిన మొత్తమే తిరిగి ఇవ్వాలని ఉపనియమావళిలో, అంటే సంఘం తనకు తాను రాసుకునే నియమాల్లో, మొదటే రాసుకోవాలి.

రైతుల యాజమాన్యం కృష్ణా మిల్క్ యూనియన్ వంటి పాల సంఘాలకు సరిపోతుంది గాని, పాతిక రకాల సరుకు అమ్మే చిన్న దుకాణానికి కాదు. స్పెయిన్‌లోని సూపర్‌మార్కెట్ల సహకార సంస్థ ఎరోస్కీలో కార్మికులకూ వినియోగదారులకూ పాలకమండలిలో సమాన స్థానాలున్నాయి. అది పెద్ద సంస్థలకు తగిన ఏర్పాటు.

1995 చట్టం కింద సంఘం నమోదుకు వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది కావాలి, ఒక్క దుకాణం పదిమందికి పని చూపించలేదు. అందుచేత పిండిమర, పచ్చళ్ల తయారీ, ఇంటింటికీ సరఫరా కూడా అదే సంఘం కిందికి తెచ్చుకోగలిగినవారు పనిచేసేవారి యాజమాన్యాన్నే ఎంచుకోవాలని నా సలహా. అంత పని చూపించలేని కాలనీలు కొనేవారి సంఘంగానే నమోదు చేయించుకుని, సరుకు కొనుగోలు, ధరల తగ్గింపు అధికారాలను సిబ్బందికి రాతపూర్వకంగా అప్పగించాలి.