తుఫాను రోజుల్లో ఇంటికి ఏది మేలు: ట్యూబులర్ బ్యాటరీయా, లిథియమా?

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటి నుంచి నన్ను అడిగేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: ఇన్వర్టర్‌కి మళ్ళీ ట్యూబులరే (అప్పుడప్పుడూ నీళ్ళు పోసే లెడ్ యాసిడ్ రకం) వేయించాలా, లిథియానికి మారాలా? మా వీధి వాళ్ళు, ఆఫీసు వాళ్ళు, విజయవాడలో అక్క వాళ్ళ కాలనీ వాళ్ళు అందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం కంటే, నేను ఎందుకు మార్చానో లెక్కలతో సహా రాస్తే మేలనిపించింది.

షాపుకి వెళ్తే ముందుగా వినిపించే మాట "ఎన్ని గంటల బ్యాకప్ కావాలండీ?" అని. రోజూ పోయే గంట, గంటన్నర కోతకి ఆ ప్రశ్న సరిపోతుంది. తుఫాను అప్పుడు పరిస్థితి వేరు. గాలి మొదలవగానే జాగ్రత్త కోసం ఫీడర్లు (వీధులకి కరెంటు తెచ్చే లైన్లు) ఆపేస్తారు. తర్వాత ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది. లైన్‌మన్లు వానలోనే వచ్చి దాన్ని కొట్టేసి లైను కలుపుతారు. ఓ గంటో రెండు గంటలో కరెంటు ఉంటుంది, ఈలోపు ఇంకో చోట తీగ తెగుతుంది. రెండు రోజులు ఇదే తంతు. అలాంటప్పుడు బ్యాటరీ ఎంత పెద్దదన్నది మొదటి రాత్రికే. రెండో రాత్రి గడవాలంటే, మధ్యలో కరెంటు వచ్చిన ఆ కాసేపట్లో బ్యాటరీ ఎంత నింపుకుంది అన్నదే లెక్క. నా మటుకు నాకు ఎంపికంతా ఇక్కడే తేలిపోతుంది.

నాకు ఇది తెలిసొచ్చింది 2023 డిసెంబరులో, మిచాంగ్ తుఫాను అప్పుడు. 5వ తేదీ మధ్యాహ్నం అది బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల మాకు యాభై కిలోమీటర్లు. గుంటూరులో ముందు రోజు నుంచే వాన, చలిగాలి. మా అమ్మకి ఉబ్బసం. ఆ ముసురులో రోజుకి మూడు సార్లు నెబులైజర్ (మందుని పొగమంచులా చేసి పీల్పించే మిషన్) పెట్టాల్సి వచ్చింది. మా దగ్గర ఉన్నది 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) ట్యూబులర్, ఏడాదిన్నర పాతది. నీళ్ళు పోసి, టెర్మినల్స్ తుడిచి బాగానే చూసుకున్నాను. 4వ తేదీ రాత్రి కరెంటు పోయినా ఏ ఇబ్బందీ లేదు. తెల్లవార్లూ ఫ్యాను తిరిగింది, లైట్లు వెలిగాయి, అమ్మ మిషన్ నడిచింది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి కరెంటు వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. అరగంట తర్వాత చూస్తే ఇన్వర్టర్ ఇంకా బ్యాటరీ మీదే నడుస్తోంది. డిస్‌ప్లేలో మెయిన్స్ 165 వోల్టులు చూపిస్తోంది. దాని వెనకాల చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది: ఒక వైపు యూపీఎస్, ఇంకో వైపు నార్మల్. కంప్యూటర్ కోసమని ఎప్పుడో యూపీఎస్ వైపు పెట్టాను. ఆ మోడ్‌లో ఉంటే సుమారు 180 వోల్టులకి తక్కువ వచ్చిన కరెంటుని అది తీసుకోదు. నార్మల్‌లో పెడితే నూరు, నూటపది దాకా దిగినా తీసుకుంటుంది. తుఫాను వేళ వోల్టేజి పడిపోవడం మామూలే. టార్చి వెలుగులో ఆ స్విచ్ నార్మల్ వైపు జరపగానే టక్‌మని రిలే పడింది, చార్జింగ్ లైటు వెలిగింది. మీ ఇంట్లో ట్యూబులర్ ఉన్నా, లిథియం ఉన్నా, ఇవాళే ఇన్వర్టర్ వెనక్కి చెయ్యి పెట్టి ఆ స్విచ్ ఎటు ఉందో చూడండి.

తర్వాత కరెంటు సరిగ్గా రెండు గంటలు ఉండి పోయింది. రాత్రి తొమ్మిదిన్నరకి అమ్మకి నెబులైజర్ పెట్టిన మూడో నిమిషంలో ఇన్వర్టర్ బీప్ బీప్‌మని ఆగిపోయింది. మాస్క్ ముఖానికి పట్టుకునే అమ్మ "నాన్నా, మిషన్ ఆగిందేంట్రా?" అంది. ఇంటి వెనక వాళ్ళ ఇన్వర్టర్ నడుస్తోంది కాబట్టి గొడుగు పట్టి అమ్మని అక్కడికి తీసుకెళ్ళి మిగతా మందు పెట్టించాం. ఆ పది నిమిషాల టెన్షన్ నేను మర్చిపోలేదు.

రెండు రోజుల తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌తో బ్యాటరీలోని ఆరు సెల్లులూ చూశాడు. "బ్యాటరీకి ఏ రోగమూ లేదు సార్. దానికి తాగే టైము దొరకలేదు, అంతే" అన్నాడు.

ఆ తాగే టైముని లెక్కలో పెడితే ఇలా ఉంటుంది. మా పాత ఇన్వర్టర్ బ్యాటరీకి 12 ఆంపియర్ల చొప్పున చార్జింగ్ ఇచ్చేది. రెండు గంటలకి 24 ఏహెచ్. దాన్ని 12 వోల్టులతో గుణిస్తే 288 వాట్-అవర్లు. లోపలికి వెళ్ళేటప్పుడు కొంత, బయటికి వచ్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది. చివరికి చేతికి 200 వస్తే గొప్ప. కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాను ఒకటి 30 వాట్లు, రెండు ఎల్‌ఈడీ బల్బులు 18, వైఫై డబ్బా 12, మొత్తం 60 వాట్లు అనుకోండి. మూడు గంటలు దాటి ఎంతో సేపు రాదు. ఫ్యాను పాత రకం 75 వాట్లది అయితే రెండు గంటలే. మా ఇంట్లో ఆ రాత్రి వచ్చింది సుమారు మూడు గంటలు.

ఇన్వర్టర్ మార్చి ఎక్కువ ఆంపియర్లతో చార్జింగ్ ఎక్కిస్తే సరిపోదా అని కొందరు అడిగారు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక హద్దు దాటి వేగంగా తీసుకోలేదు. బలవంతాన ఎక్కిస్తే వేడెక్కి, నీళ్ళు ఇంకి, ఆయుష్షు తగ్గుతుంది. అది పూర్తిగా నిండాలంటే పది పన్నెండు గంటలు పట్టాల్సిందే. పైగా సగం చార్జింగ్‌తో రోజుల తరబడి ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తుఫాను దాన్ని సరిగ్గా ఆ స్థితిలోనే వదిలి వెళ్తుంది.

ఇప్పుడు లిథియం సంగతి. ఇళ్ళ కోసం అమ్మేవి ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. నేను తీసుకున్నది 12.8 వోల్టుల 100 ఏహెచ్, అంటే 1280 వాట్-అవర్లు. ట్యూబులర్‌ది కాగితం మీద 1800. చూడ్డానికి లిథియమే చిన్నది. మొదటి రాత్రి రెండూ ఇంచుమించు సమానమే, ట్యూబులరే ఓ గంట ఎక్కువ వచ్చినా ఆశ్చర్యం లేదు. కానీ నా లిథియం నాలుగు గంటల్లో నిండుతుంది. కరెంటు రెండు గంటలు ఉంటే సగం నిండినట్టే, పోయేది పోగా 550 దాకా వాడుకోవచ్చు. అదే 60 వాట్ల మీద తొమ్మిది గంటలు. ట్యూబులర్‌కి మూడు, దీనికి తొమ్మిది. రాత్రి పదింటికి కరెంటు పోతే ఒకటింటి దాకానా, ఏడింటి దాకానా అన్నంత తేడా. ఇంట్లో ముసలివాళ్ళో పసిపిల్లలో ఉన్నవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తున్నారు. పాత ఇన్వర్టర్ అలాగే ఉంచి, బ్యాటరీ ఒక్కటి లిథియానిది పెట్టిస్తున్నారు. పాత ఇన్వర్టర్ ఇచ్చేది ఆ పన్నెండు ఆంపియర్లే కదా, లిథియం పెట్టినా అది నిండటానికి ఎనిమిది గంటలు పడుతుంది. డబ్బు పెట్టిందే త్వరగా నిండుతుందని, అదే పోయింది. చార్జింగ్ వోల్టేజి సెట్టింగు పడకపోతే బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ మధ్యమధ్యలో కట్ చేస్తూ ఉంటుంది కూడా. మారితే లిథియం కోసమే చేసిన ఇన్వర్టర్‌తో కలిపి మారాలి. షాపులో అడగాల్సింది బ్యాకప్ గంటలు కాదు, చార్జింగ్ ఎన్ని ఆంపియర్లు అని. బిల్లు మీద ఆ అంకె రాయించుకోండి.

ట్యూబులర్‌కి ఉన్న మేళ్ళు కూడా చెప్పాలి. ధర దాదాపు సగం. చెడితే ఏ బ్యాటరీ షాపు కుర్రాడైనా చూసి చెప్పగలడు. పాతది తూకానికి ఇస్తే మంచి డబ్బే వస్తుంది. లిథియం చెడితే కంపెనీ మనిషి రావాల్సిందే, అంతవరకు ఇంట్లో ఏమీ ఉండదు. బాగా చూసుకుంటే ట్యూబులర్ నాలుగైదేళ్ళు, లిథియం దానికి రెట్టింపు వస్తాయని లెక్క. మన గుంటూరు ఎండలు మాత్రం రెంటికీ పడవు.

ఇక నీళ్ళు ఇంట్లోకే వస్తే? అక్క వాళ్ళది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు వాళ్ళు పై వాటాలోకి ఎక్కారు. మధ్యాహ్నం ఫోన్ చేసి బ్యాటరీ సంగతి అడిగితే, "ఎక్కడుందో కూడా కనపడట్లేదురా, మెట్లు నాలుగు మునిగాయి" అంది. అది మెట్ల కింద ట్రాలీ మీద ఉండేది. నీళ్ళలో షాక్ కొట్టకుండా ఆ ప్రాంతానికి కరెంటు ఆపేశారు. మళ్ళీ రావడానికి రోజులు పట్టింది. అన్ని రోజులు ఏ బ్యాటరీ అయినా చాలదు, అది ఒప్పుకోవాలి. కానీ మునగకుండా ఉంటే ఆ మొదటి రాత్రి ఫోన్లు చార్జింగ్‌లో ఉండేవి, ఏ మేడ మీద ఉన్నారో పడవ వాళ్ళకి చెప్పగలిగేవాళ్ళు. యాసిడ్‌తో నిండిన ట్యూబులర్ యాభై కిలోలు దాటుతుంది, నీళ్ళు వస్తున్న కంగారులో దాన్ని ఎవరూ పైకి మోయలేరు. 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ పదిహేను కిలోల లోపే, గోడకి బిగించుకోవచ్చు. అక్క ఇప్పుడు లిథియం తీసుకుని మొదటి అంతస్తు హాల్లో, ఛాతీ ఎత్తున బిగించుకుంది. సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వైపు ఉన్నవాళ్ళు ఏది కొన్నా ముందు ఎత్తు చూసుకోండి.

సోలార్ గురించి ఒక మాట. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 3 కిలోవాట్లకి 78,000 దాకా ఉండటంతో చాలామంది పెట్టించుకున్నారు, మంచిదే. అయితే అది పెడితే కరెంటు పోయినా ఇల్లు వెలుగుతుందని అనుకుంటున్నారు. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, లైన్లో కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. మన సోలార్ పలకల కరెంటు లైన్లోకి వెళ్తే స్తంభం మీద పని చేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది, అందుకే ఆ ఏర్పాటు. బ్యాటరీ కూడా ఉండే హైబ్రిడ్ పెట్టించుకుంటే వేరు. అప్పుడు కూడా ముసురు పట్టిన రోజు పలకల నుంచి వచ్చేది బాగా తక్కువ.

జనరేటర్ రోజుల తరబడి కరెంటు రాకపోతే పనికొస్తుంది, కానీ కరెంటు లేకపోతే పెట్రోలు బంకులు కూడా ఆగిపోవచ్చు. ఇంట్లో, వరండాలో అస్సలు నడపకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది. ఛేంజోవర్ స్విచ్ (లైను కరెంటునో జనరేటర్‌నో ఒక్కదాన్నే ఇంటికి కలిపేది) లేకుండా ఇంటి వైరింగ్‌కి కలపకూడదు. ఇండక్షన్ స్టవ్, గీజర్, నీళ్ళ మోటారు ఈ ఇన్వర్టర్ల మీద నడవవు. గ్యాస్ బండ ఒకటి నిండుగా ఉంచుకోండి. తుఫాను హెచ్చరిక రాగానే పైట్యాంకు నింపేయండి, గుంటూరుకి తక్కెళ్ళపాడు ప్లాంటు నుంచి వచ్చే నీళ్ళైనా పంపులు తిరిగితేనే వస్తాయి.

నెట్ విషయానికి వస్తే, వైఫై డబ్బాకి కరెంటు ఇచ్చినంత మాత్రాన నెట్ రాదు. మీ వీధిలో స్తంభం మీద కరెంటుతో నడిచే స్విచ్ బాక్సు ఉందా, నేరుగా ఫైబరేనా అని కేబుల్ అతన్ని అడగండి. నేరుగా ఫైబర్ అయితే వాళ్ళ ఆఫీసులో బ్యాకప్ ఉన్నంతసేపు నెట్ ఉంటుంది. సెల్ టవర్ల బ్యాటరీలకీ ఒక హద్దు ఉంటుంది. సెల్లులతో నడిచే చిన్న రేడియో మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది, మిచాంగ్ రాత్రి నెట్ పోయాక వార్తలు విన్నది విజయవాడ ఆకాశవాణిలోనే.

ఎవరికి ఏది అంటే, ఇప్పుడున్న ట్యూబులర్ రెండేళ్ళ లోపుదైతే తీసెయ్యకండి. ఆ డబ్బుతో రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొనండి, ఉన్న బ్యాటరీయే దాదాపు రెట్టింపు సేపు వస్తుంది. గంటా రెండు గంటల కోతలే మీ బాధైతే, పల్లంలో లేకపోతే, కొత్తగా కొనేవాళ్ళకీ ట్యూబులర్ చాలు. ఇంట్లో నెబులైజర్, ఆక్సిజన్ మిషన్ లాంటివి ఉంటే మాత్రం బేరం చూడకుండా లిథియానికే వెళ్ళండి, ఇన్వర్టర్ మీద ప్యూర్ సైన్ వేవ్ (లైను కరెంటు లాంటి నున్నటి కరెంటు) అని రాసి ఉన్నదే తీసుకోండి. మాది మొంథాకి ముందటి ఏప్రిల్‌లో బిగించాం. మొంథా రాత్రి అమ్మ నెబులైజర్ పెట్టుకుని, మందు పూర్తయ్యాక తనే స్విచ్ ఆపేసి పడుకుంది.