ఆరేళ్లు వాడిన నా కస్టమ్ పాయింట్ టూటూ రైఫిల్: తప్పు తూటాదా, పిన్నుదా?

కొన్న ఏడాదికే ఈ సమీక్ష రాసి ఉంటే ఐదుకు ఐదు ఇచ్చేసి, ఇప్పుడు నాలుక కరుచుకునేవాణ్ణి.

ఇది పాయింట్ టూటూ లాంగ్ రైఫిల్ తూటా వాడే సింగిల్ షాట్ బోల్ట్ యాక్షన్, అంటే ఒక్కో తూటా చేత్తో పెట్టి, బోల్ట్ అనే కడ్డీని ముందుకు జరిపి మూసే రకం. యాక్షన్ (బోల్ట్ ఉండే భాగం) ఒకచోట, బ్యారెల్ ఒకచోట తీసుకుని, ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) కోత, బిగింపు, కర్ర పని ఒకే గన్‌స్మిత్‌తో చేయించుకున్నాను. వాడకమంతా 50 మీటర్ల కాగితం మీదే. అక్కడ పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. బ్యారెల్ మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ట్రిగ్గర్ ఇప్పటికీ మొదటి రోజులాగే ఉంది. కర్ర నా భుజానికి కొలిచి చేసింది కాబట్టి దాని గురించి మీకు చెప్పి లాభం లేదు. గొడవంతా ఫైరింగ్ పిన్ దగ్గరే, అంటే తూటా అడుగును కొట్టి పేల్చే పిన్ను దగ్గర.

రెండో ఏడు చివర్లో మొదలైంది. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని చప్పుడు, అంతే. మొదట్లో 50 రౌండ్ల పెట్టెకు ఒకటి పేలేది కాదు, తర్వాత రెండు మూడు. అందరిలాగే నేనూ తూటాలను తిట్టుకున్నాను. అది మరీ అన్యాయమేమీ కాదు. ఈ తూటాలో ప్రైమర్ (దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మూత) విడిగా ఉండదు. నిప్పు పుట్టించే మందును తడిగా ఉండగానే ఇత్తడి తొడుగులో వేసి గిర్రున తిప్పుతారు. అది అడుగు అంచు మడతలోకి చేరి ఆరిపోతుంది. మడతలో ఎక్కడైనా మందు చేరక, పిన్ను సరిగ్గా అక్కడే తగిలితే ఆ తూటా పేలదు. అందుకే పేలని తూటాను సగం తిప్పి మళ్లీ పెట్టి చూడమంటారు. నేనూ అదే చేసేవాణ్ణి. చాలావరకు పేలేవి. ఇంకేం, తూటాలదే తప్పని తేల్చేసుకున్నాను. (పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవకండి. గొట్టం లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవడం అరుదే కానీ, అప్పటికి బోల్ట్ తెరిచి ఉంటే మొహం దగ్గరే పేలుతుంది.)

తూటాల కంపెనీ మార్చాను, లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) మార్చాను, ఖరీదైనవి కొన్నాను. అంచు కాస్త మందంగా ఉన్న రకంతో కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. చివరికి అదే పెట్టెలోంచి 20 రౌండ్లు స్నేహితుడి చేతికిస్తే తన రైఫిల్‌లో ఇరవైకి ఇరవై పేలాయి. రెండు రైఫిళ్ల ఖాళీ తొడుగులు పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూశాం. వాడి పిన్ను పెట్టిన సొట్ట లోతుగా, అంచులు తేటగా ఉంది. నాది గోటితో గీరినట్టుంది. ఏడాది పాటు నా కాళ్ల దగ్గర రాలిపడుతున్న తొడుగుల్ని ఒక్కసారీ వంగి చూడలేదు నేను.

మొదటి తప్పు నాదే. బోల్ట్‌కు మంచి చేస్తున్నాననుకుని లోపల గ్రీజు దట్టించాను. అది మసితో కలిసి జిగురై, చలి ఉదయాల్లో పిన్ను వేగాన్ని పట్టి ఉంచుతోంది. విప్పి కడిగి ఆరబెట్టి, ఒక్క చుక్క పల్చటి నూనె రాసి తుడిచేశాను. పేలనివి సగానికి తగ్గాయి.

మిగతా సగం నిజంగా ఏడిపించింది. నా ఛాంబర్ పోటీల కోసం బిగుతుగా కోసింది. తూటా పెట్టగానే బుల్లెట్ మొన బ్యారెల్ గాడుల్ని తాకుతుంది. వందల రౌండ్ల తర్వాత ఛాంబర్ చివర సీసం, మైనం, మసి కలిసి గట్టి ఉంగరంలా పేరుకుంటుంది. అప్పుడు తూటా వెంట్రుకవాసి వెనకే ఆగిపోతుంది. పిన్ను దెబ్బలో సగం దాన్ని ముందుకు తోయడానికే ఖర్చవుతుంది. ఇది కనిపెట్టడం తేలికే. పేలని తూటాను తిప్పకుండా, ఉన్నదున్నట్టుగానే రెండోసారి కొడితే పేలుతుంది, ఎందుకంటే మొదటి దెబ్బకే అది పూర్తిగా లోపలికి కూర్చుంది. నేనేమో ప్రతిసారీ తిప్పి పెట్టి ఆ ఆనవాలును నా చేత్తోనే చెరిపేసుకున్నాను. ఇప్పుడు గొట్టంతో పాటు ఛాంబర్‌నూ విడిగా బ్రష్ పెట్టి శుభ్రం చేస్తున్నాను.

అయినా అడపాదడపా టక్కు వినిపిస్తూనే ఉంది. ఈసారి ఒక గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాను (కట్టిచ్చినతను కాదు). "పిన్ను కాస్త పొడుగుది వేస్తే సరి" అన్నాడు, వేశాడు. వారం రోజులు పండగే. తర్వాత తూటా పెట్టాలంటే వేలితో గట్టిగా తోయాల్సి వచ్చేది, తొడుగు బయటికి రావడానికి మొండికేసేది. బోల్ట్ తీసి లైటు వేసి చూస్తే ఛాంబర్ మూతి మీద పిన్ను కొట్టిన గుంట, దాని పక్కన లోపలికి పొడుచుకొచ్చిన లోహం! ఈ రకం తూటాలో అంచును పిన్ను ఛాంబర్ మూతికి ఆనించి నలిపితేనే మందు అంటుకుంటుంది. బోల్ట్ ముఖానికీ ఆ మూతికీ మధ్య ఉండే కనీస ఖాళీ 0.043 అంగుళం, అంటే సుమారు 1.1 మిల్లీమీటర్లు. పిన్ను అంతకంటే తక్కువే బయటికి రావాలి. పొడుగైతే లోహం మీద లోహం పడుతుంది. ఆ గుంట పడిన చోట అంచుకు వెనక దన్ను ఉండదు, మళ్లీ మిస్‌ఫైరే. రోగం కంటే మందు ప్రమాదం అంటే ఇదే.

మూతి సరిచేయించి, పాత కొలతకే కొత్త పిన్ను, కొత్త స్ప్రింగ్ వేయించాను. పాత స్ప్రింగ్‌ను కొత్తదాని పక్కన నిలబెడితే ఎంత కుంగిపోయిందో కంటికే తెలిసింది. అసలు దోషి అదే. కస్టమ్ రైఫిల్ చేయించుకునేటప్పుడు బ్యారెల్ గురించి గంటలు మాట్లాడతాం కానీ, ఈ స్ప్రింగ్ ఎన్నేళ్లకు మార్చాలని ఎవరమూ అడగం. కట్టిచ్చినతను కూడా చెప్పలేదు. అందుకే ఒక మార్కు కోత.

అనుకోకుండా ఒక లాభం కూడా జరిగింది. పేలే తూటాలు కూడా ఇదివరకు కాగితం మీద పైకీ కిందికీ సాగేవి. నా ఊపిరి నిలకడ లేదనుకుని ఎంత టెన్షన్ పడ్డానో. నిప్పు ఒకలా అంటుకోకపోతే బుల్లెట్ వేగం ఒకలా ఉండదు. సెకనుకు సుమారు 327 మీటర్లతో వెళ్లే ఈ నిదానపు బుల్లెట్‌కు ఆ చిన్న తేడా కూడా 50 మీటర్ల దగ్గర నిలువుగా కనిపిస్తుంది. స్ప్రింగ్ మార్చాక కాగితం మీద రంధ్రాల గుంపు గుండ్రబడింది.

పోయిన ఏడాదిలో రెండే రెండు పేలలేదు. రెండింటి మీదా సొట్ట లోతుగా, తేటగా ఉంది. ఆ రెండింటికి మాత్రం తూటాల కంపెనీనే తిట్టుకున్నాను, ఈసారి మనస్ఫూర్తిగా.