జీను ఎరగని గుర్రం కొన్నాక

మాలేగావ్ జాత్రలో "ట్రెయినింగ్ అయింది తాయీ, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అని చూపించే గుర్రాల్లో చాలావాటికి స్వారీ రాదు, నాచ్ వచ్చు. పెళ్లి బరాత్‌లో బ్యాండు ముందు కాళ్లు ఎత్తెత్తి వేయడం, ఉన్నచోటే గంతులేయడం, సైగ చేస్తే ముందుకాళ్లు గాల్లోకి లేపడం. చూడ్డానికి బాగుంటుంది. పైన కూర్చునేది భయస్తురాలైతే మాత్రం కథ వేరు.

నేను రెండు రకాలూ వాడాను. మొదటిది జాత్రలో కొన్న "ట్రెయినింగ్ అయిన" ఆడగుర్రం. రెండోది బిలోలి వైపు ఒక రైతు దగ్గర కొన్న, వీపు మీద గోనెసంచి కూడా మోయని పిల్లగుర్రం. కొన్నేళ్లు వాడాక చెప్తున్నాను. భయపడే మనిషికి తప్పుడు పాఠాలు నేర్చిన గుర్రం కన్నా, ఏ పాఠమూ నేర్వని నెమ్మదైన గుర్రం మేలు. కాకపోతే దానికి పాఠం చెప్పేది ఆ భయపడే మనిషి కాకూడదు. ఈ రెండో మాట వదిలేసి మొదటిది మాత్రం పట్టుకుని ఎవరూ బజారుకు పోవద్దు.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది మహారాష్ట్ర సరిహద్దులోని దెగ్లూర్, బట్టల దుకాణం. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు ఎన్‌సీసీ రిమౌంట్ అండ్ వెటర్నరీ విభాగంలో స్వారీ నేర్చుకున్నాను. ఒకసారి చిన్న కంచె దూకిస్తుంటే పడ్డాను, కాలర్ బోన్ విరిగింది. తర్వాత పెళ్లి, పిల్లలు, దుకాణం. నలభై దాటాక మళ్లీ జీనెక్కాలని బుద్ధి పుట్టింది. బుద్ధికి పుట్టిన కోరిక ఒంటికి తెలియలేదు. రికాబులో కాలు పెట్టగానే అరచేతులు చెమట పట్టేవి, నడుము బిగుసుకుపోయేది, ఊపిరి పైపైనే ఆడేది.

మాలేగావ్ అంటే నాసిక్ దగ్గరిది అనుకునేరు. ఇది మా నాందేడ్ జిల్లా లోహా తాలూకాలోని ఖండోబా మాలేగావ్. మార్గశిరం చివర్లో జాత్ర మొదలవుతుంది. గుర్రాలు, గాడిదలు, ఒకపక్క లావణి నాట్యం, ఇంకోపక్క వ్యవసాయ ప్రదర్శన. గుర్రాల బజారు ఇంకా పెద్దది కావాలంటే నందుర్బార్ జిల్లాలో తాపీ ఒడ్డున సారంగ్‌ఖేడా ఉంది, దత్త జయంతికి జరుగుతుంది. మాకు దూరం. గుర్రాన్ని బండిలో అంత దూరం తేవడం కూడా ఖర్చే.

జాత్రలో కొన్నది మార్వాడీ పోలిక ఉన్న గుర్రం. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతాయి. ఎత్తు అరవై ఇంచులు. పేరు బిజిలీ. అమ్మినతను ఎక్కి చూపించాడు, చక్కగా నడిచింది, ఆపితే ఆగింది. నోట్లో ఉన్న కళ్లెం మాత్రం కాంటా లగామ్. దానికి నోటికి తగిలేచోట ముళ్లు ఉంటాయి. చేయి కదిపితే చాలు, నొప్పికి ఆగుతుంది. ముళ్ల కళ్లేలు వాడకూడదని 1965 నాటి జంతుహింస నివారణ నియమాల్లోనే ఉంది. అయినా జాత్రలో బహిరంగంగా వేలాడదీసి అమ్ముతారు. ఇంటికి తెచ్చాక దాన్ని తీసేసి మామూలు మెత్తటి కళ్లెం వేశాం. అప్పుడు తెలిసింది అసలు గుర్రం.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం విషయం దీంట్లోనే ఉంది. భయపడ్డ మనిషి ఏం చేస్తుంది? పగ్గాలు బిగించి పట్టుకుంటుంది. మోకాళ్లూ మడమలూ గుర్రం పక్కలకు అదిమి పెడుతుంది. ముందుకు వంగుతుంది. స్వారీ నేర్చిన గుర్రం ఇలాంటప్పుడు గందరగోళపడి ఆగిపోవచ్చు, చెవులు వెనక్కి పెట్టి విసుక్కోవచ్చు. నాచ్ నేర్చిన గుర్రానికి మాత్రం ఇది ఆర్డర్. ముందు పగ్గం బిగించి, పక్కల్లో మడమ తగిలిస్తే ఆడమని దానికి కొట్టి నేర్పారు. నేను ఎంత భయపడితే అది అంత ఆడేది. అది ఆడితే నేను ఇంకా బిగించేదాన్ని. దాని తప్పు ఏమీ లేదు, చెప్పిన పని చేస్తోంది పాపం.

లగ్గాల సీజన్‌లో ఒక సాయంత్రం మా చేను పక్క రోడ్డు మీద బరాత్ వచ్చింది. డీజే మొదలైంది. బిజిలీ మెడ విల్లులా వంచి, ఉన్నచోటే తాళం వేయడం మొదలుపెట్టింది. పైన ఉన్న నేను జూలు పట్టుకుని మెడ మీద పడుకున్నాను. పెళ్లివాళ్లు ఈలలు వేసి చప్పట్లు కొట్టారు, ఒకాయన నోటు కూడా తిప్పబోయాడు! పడలేదు కానీ, ఆ తర్వాత చాలాకాలం జీను చూస్తేనే కడుపులో తిప్పేది.

బిజిలీని నాందేడ్‌లో బరాత్ గుర్రాలు నడిపేవాళ్లకు ఇచ్చేశాను. కొన్నదానికన్నా తక్కువే వచ్చింది, మెత్తటి కళ్లేనికి కూడా ఆగుతుందని చూపించి ఇచ్చాను. ఆ పనికి అది నిజంగా మంచి గుర్రం.

రెండో గుర్రం గౌరి. మార్వాడీ కాదు, మా దక్కన్ వైపు కనిపించే గట్టి గిట్టల పొట్టి రకం. యాభై నాలుగు ఇంచులు. భీమా నది ప్రాంతపు భీమ్‌థడి పోలిక ఉందని ఉద్గీర్ వెటర్నరీ కాలేజీలో చూసిన డాక్టర్ అన్నారు, కాగితం మాత్రం ఏమీ లేదు. పొట్టిదవడం నాకు పెద్ద లాభం. భయస్తులు ఎత్తు గురించి సిగ్గుపడకుండా ఆలోచించాలి. పడితే నేల ఎంత దూరం అనేది బుర్రలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది మరి.

దాన్ని చూడడానికి వెళ్లినప్పుడు రైతు మనవలు దాని పొట్ట కింద నుంచి దూరి ఆడుకుంటున్నారు. చెరువుకు తోలుకుపోతే దారిలో ట్రాక్టర్, బుల్లెట్ బండి, కుక్కలు, అన్నీ ఎదురయ్యాయి. తల తిప్పి చూసి, మళ్లీ నడిచింది. జీను తెలియదు, కళ్లెం తెలియదు, మనుషులంటే భయం తెలియదు. నేను కొన్నది ఆ చివరిదాన్ని.

ధర తక్కువ. దానికి కారణం కూడా రైతే చెప్పాడు. దాని ఒంటి మీద ఒక సుడి చెడ్డదట, బరాత్ వాళ్లు ముట్టుకోరట. ఈ సుళ్ల లెక్క మన దగ్గరా ఉంది, మరాఠీవాళ్లలో ఇంకా గట్టిగా ఉంది. గొంతు దగ్గర మంచి సుడి ఉంటే ధర ఎగబాకుతుంది, చెడ్డ సుడికి పడిపోతుంది. మా అత్తమ్మ కొద్దిగా ముఖం ముడిచింది. నేను మాత్రం రైతు మనసు మారకముందే బయానా ఇచ్చేశాను.

పళ్ల గురించి ఒక మాట. ఎద్దుల బేరం తెలిసినవాళ్లు గుర్రం దగ్గర తడబడతారు. ఎద్దుకు పైదవడ ముందు పళ్లుండవు, కింద ఎనిమిది. గుర్రానికి పైనా కిందా ఆరేసి. పాలపళ్లు ఊడి మధ్య జత సుమారు రెండున్నరేళ్లకు, పక్క జత మూడున్నరకు, కడ జత నాలుగున్నరకు వస్తాయి. అయిదేళ్లకు నోరు నిండుతుంది. అంటే "రెండు పళ్లది" అంటే రెండున్నర, మూడున్నరేళ్ల మధ్య పిల్ల. మోకాలి ఎముకలు అప్పటికి గట్టిపడుతున్నా, వెన్ను ఎముకలు పూర్తిగా కుదురుకోవడానికి అయిదారేళ్లు పడుతుంది. జాత్రలో రెండు పళ్లవాటి మీద ఇద్దరేసి కుర్రాళ్లు ఎక్కి దౌడు తీయించి చూపిస్తారు. అది చూసి మురిసిపోయేవాళ్లు ఆ వెన్నుకు రేపు వచ్చే నొప్పిని కూడా కొంటున్నారు. గౌరి అప్పటికి రెండు పళ్లదే. అందుకే మొదటి ఏడాది ఎవరూ ఎక్కలేదు.

బరువు సంగతీ అంతే. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదంటారు. మూడు వందల కిలోల గుర్రానికి అరవై కిలోలు. జీనే ఏడెనిమిది కిలోలు ఉంటుంది. నేను కూడా కొంచెం తగ్గాల్సి వచ్చింది, ఈ కొనుగోలులో నాకు దొరికిన ఉచిత లాభం ఇదొక్కటే.

ఇక నేర్పడం. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో గుర్రాలు చూసుకునే సాయిస్‌గా చేసి, మద్నూర్ దగ్గర సొంతూరికి తిరిగొచ్చిన ఒకతను దొరికాడు. నా అదృష్టంలో సగం భాగం అతనే. జీను చూపించి వాసన చూడనిచ్చాడు, వీపు మీద పెట్టి తీశాడు, నడుం పట్టీ ఒక్కో రంధ్రం చొప్పున బిగించాడు. పొడవాటి తాడు కట్టి గుండ్రంగా తిప్పుతూ "నడువు", "ఆగు" మాటలు అలవాటు చేశాడు. ఆ మాటలు మా తెలుగులోనే. ఇప్పుడు గౌరికి మరాఠీ రాదని మా వాళ్లు నవ్వుతారు. తర్వాత అతనే ఎక్కాడు, చాలా నెలలు. నేను పక్కన నడిచేదాన్ని, ఖరారాతో ఒళ్లు తోమేదాన్ని, గిట్టలు ఎత్తి శుభ్రం చేసేదాన్ని. నా భయం సగం తగ్గింది గుర్రం పైన కాదు, కిందే. దాని చెవులు ఎటు తిరిగితే ఏమిటో, ఊపిరి ఎప్పుడు వదులుతుందో, ఏది చూస్తే బిగుసుకుంటుందో కిందనుంచే తెలిసింది.

నేను ఎక్కిన రోజుల్లో తాడు అతని చేతిలోనే ఉండేది. గౌరి మెడకు ఒక తోలు పట్టీ కట్టించాడు, భయం వేస్తే పగ్గం కాకుండా దాన్ని పట్టుకోమని. అయినా చేయి పగ్గం మీదికే పోయేది.

"అక్కా, లగామ్ గుంజకు. నువ్వు గుంజితే అది గుంజుతది."

"గుంజుతలేను తమ్మీ."

"గుంజుతున్నవక్కా. ముందు ఊపిరి ఇడువు."

రెండు పగ్గాలూ కలిపి లాగితే గుర్రం మెడ బిగించి ముందుకే పోతుంది, ఒకవైపు పగ్గం మెల్లగా పక్కకు తీస్తే తల తిరిగి, వేగం తగ్గి, ఆగుతుంది. ఎన్‌సీసీలో నేర్పనిది ఇతని దగ్గరే నేర్చుకున్నాను. హెల్మెట్ స్వారీదే కొన్నాను. బండి హెల్మెట్‌తో ఎక్కితే మెడ మీద బరువు, పక్కలు కనిపించవు. మడమ ఉన్న బూట్లు తప్పనిసరి, చెప్పులతో ఎక్కితే కాలు రికాబులో దూరిపోయి ఇరుక్కుంటుంది.

ఎవరూ ముందు చెప్పని ఖర్చులు, తిప్పలు కొన్ని. జొన్న చొప్ప, శనగలు, గోధుమ తవుడు, లసూన్ గడ్డి (లూసర్న్) కలిపి నెలకు ఎనిమిది తొమ్మిది వేలు అవుతోంది. సాయిస్ జీతం దానికన్నా ఎక్కువ. లాడాలు కొట్టే నాల్‌బందు నాందేడ్ నుంచి రావాలి, చెప్పిన రోజున రాడు. గుర్రానికి వాంతి రాదు, అందుకే మేత మారిస్తే, శనగలు ఎక్కువైతే, కడుపు నొప్పి ప్రాణం మీదికి వస్తుంది. మేత ఏదైనా వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి. వానాకాలంలో జోరీగలతో సర్రా జబ్బు వస్తుంది. జ్వరం వచ్చిపోతూ, తిన్నా చిక్కిపోతుంటే రక్తపరీక్ష చేయించాల్సిందే. గౌరికి ఒకసారి వచ్చింది, మందు సమయానికి పడింది. ధనుర్వాతం సూది దానికీ మనకూ ఇద్దరికీ వేయించాలి.

మా రేగడి నేల ఇంకో సంగతి. వాన పడ్డాక అడుగు వేస్తే గిట్ట మునుగుతుంది, లాడం ఊడి మట్టిలోనే ఉండిపోతుంది. అందుకని ఆషాఢం నుంచి దాదాపు దసరా దాకా స్వారీ ఉండదు. అన్ని నెలల తర్వాత చిన్నగుర్రం సగం మర్చిపోయి ఉంటుంది, నా భయం మాత్రం ఏమీ మర్చిపోకుండా తిరిగొస్తుంది. ప్రతి ఏడూ మళ్లీ తాడు దగ్గర మొదలుపెడతాం. పోళా పండగకు ఎద్దులు గజ్జెలతో వచ్చినప్పుడు, గణపతుల డీజేలప్పుడు దాన్ని దూరంగా నిలబెట్టి మేత వేస్తాం. ఇప్పుడు డీజే వస్తే గౌరి బుట్ట కోసం చూస్తుంది. బిజిలీ చేసిన గాయానికి నాకు దొరికిన మందు అదే.

ఇప్పటికీ నేను దౌడు తీయించను. నడక, దుల్కీ (చిన్న పరుగు), చేల గట్ల వెంట మద్నూర్ రోడ్డు దాకా, అంతే. "ఇంత ఖర్చు పెట్టి నడిపించడమేనా" అని మా ఆయన అంటారు. అవును, దానికే కొన్నాను.

ఎవరు కొనొచ్చంటే: గుర్రం తెలిసిన మనిషిని ఏడాదిన్నర, రెండేళ్లు జీతమిచ్చి పెట్టుకోగలిగినవాళ్లు, అన్నాళ్లు ఎక్కకుండా ఓపిక పట్టగలిగినవాళ్లు. ధర తక్కువని చిన్నగుర్రం కొని, తామే నేర్పుకుందామనుకునే భయస్తులకు మాత్రం వద్దంటాను. మిగిలిన డబ్బు సాయిస్‌కు కాకపోతే ఆసుపత్రికి పోతుంది. జాత్రలో కొనేవాళ్లు కాంటా లగామ్ తీయించి, మెత్తటి కళ్లెంతో నడిపించి చూపించమనండి. ఒప్పుకోకపోతే అక్కడే తేలిపోయింది. గ్లాండర్స్ పరీక్ష రిపోర్టు తప్పకుండా అడగండి. అది మనుషులకూ అంటుకునే జబ్బు, తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే. నమూనా హిసార్‌లోని అశ్వ పరిశోధన కేంద్రానికి పోయి రిపోర్టు రావడానికి రోజులు పడతాయి, అప్పటిదాకా బయానాతోనే ఆగాలి.

మా తమ్ముడి కూతురు గౌరిని చూసి తనకూ అలాంటి పిల్లగుర్రమే కావాలని పట్టుబట్టింది. దానికి మాత్రం పన్నెండు, పదమూడేళ్లు దాటిన, పిల్లలను మోసి విసిగిన ముసలి గుర్రం కోసం చూస్తున్నాను. దొరకడం కష్టంగా ఉంది. అలాంటిదాన్ని ఎవరూ అమ్మరు.