విలన్ పక్కనుండేవాడు: అరిచేవాడా, నిదానంగా మాట్లాడేవాడా? ఏది మేలు?

కర్నూలులో షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలు కథ పట్టుకొని నా దగ్గరికి వస్తే, ముందుగా అడిగేది హీరో గురించి కాదు. "అన్నా, విలన్ పక్కనుండేవాడు ఎట్లుండాల? గట్టిగా అరిచేవాడైతే బాగుంటాదా, సైలెంటుగా ఉండేవాడా?" అని. క్రైమ్ థ్రిల్లర్ రాసేవాళ్లు అడగాల్సిన ప్రశ్నే ఇది. అసలు విలన్ ఇంటర్వెల్ దాకా కనపడకపోయినా నడుస్తుంది. అప్పటివరకు హీరో ఇంటి ముందు బండి ఆపేది, ఫోన్ చేసేది, వెంటపడేది ఈ పక్కనుండేవాడే. వాడు తేలిపోతే వెనకున్న పెద్దమనిషికి కూడా ఎవరూ భయపడరు.

రెండు రకాలూ చూడాలంటే ఒకే దర్శకుడి రెండు సినిమాలు చాలు. 1989లో రామ్ గోపాల్ వర్మ తీసిన 'శివ'లో విలన్ భవాని పక్కన నానాజీ ఉంటాడు, అది తనికెళ్ల భరణి వేసిన పాత్ర. 2010లో అనంతపురం జిల్లా ఫ్యాక్షన్‌ను ఆధారం చేసుకొని ఆయనే తీసిన 'రక్త చరిత్ర'లో అభిమన్యు సింగ్ వేసిన బుక్కారెడ్డి ఉంటాడు.

బుక్కారెడ్డిది ఒళ్లంతా వణికించే భయం. ఆ మనిషి గదిలోకి వస్తే తర్వాత ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు, వాడికే తెలియదనిపిస్తుంది. అభిమన్యు సింగ్ కళ్లు, ఆ నడక చూస్తే చాలు, ప్రేక్షకుడికి ఇంకేమీ వివరించక్కర్లేదు. ఒక్క సీన్‌లో పని అయిపోతుంది. పదిహేను నిమిషాల సినిమా తీసేవాళ్లకు ఇది పెద్ద లాభం. కానీ ఇట్లాంటి పాత్రకు ఒక ఇబ్బంది ఉంది. మొదటి సీన్‌లో ఒకణ్ని కొడితే రెండో సీన్‌లో అంతకంటే ఘోరం చేయాలి, మూడో సీన్‌లో ఇంకా ఎక్కువ. లేకపోతే చల్లబడిపోతాడు. పైగా వాడు చచ్చాడంటే భయం కూడా వాడితోనే పోతుంది. 'రక్త చరిత్ర' మొదటి భాగంలో బుక్కారెడ్డి పోయాక నాకు టెన్షన్ సగానికి సగం దిగిపోయింది.

నానాజీ ఎవరి మీదా చేయి చేసుకోవాల్సిన మనిషిలా కనపడడు. సన్నగా ఉంటాడు, గొంతు పెంచడు. అదే సినిమాలో గణేష్‌గా విశ్వజీత్ ప్రధాన్ ఉన్నాడు, ఆ ఒడ్డూ పొడుగూ చూస్తేనే బెదురు పుడుతుంది. అయినా నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది నానాజీయే. ఎందుకంటే వాడికి కోపం లేదు. నా లెక్కలో మంచి చెడ్డ తేల్చేది ఈ ఒక్క విషయమే: మీ పాత్ర కోపంతో బెదిరిస్తున్నాడా, పనిగా బెదిరిస్తున్నాడా? కోపంతో వచ్చినవాడి నుంచి తప్పించుకోవచ్చు. కాళ్లు పట్టుకుంటే కరగొచ్చు, తాగింది దిగితే మర్చిపోవచ్చు, నాలుగు రోజులు ఊరిడిచి పోతే చల్లారొచ్చు. పనిగా వచ్చినవాడితో అట్లా కుదరదు. వాడు రేపు కూడా వస్తాడు, మనం ఇంకో ఊరికి పోతే అక్కడికీ వస్తాడు. ఈ సంగతి ప్రేక్షకుడికి అర్థమైన క్షణం నుంచి హీరో ఇంట్లో కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడతాడు.

మన సీమలో పుట్టినవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఇక్కడ పెద్ద బెదిరింపులు మర్యాదగానే వస్తాయి. ఒకడు ఇంటికొచ్చి, మంచినీళ్లడిగి తాగి, చెంబు కింద పెట్టి, "మీవోడు రాత్రిపూట ఒక్కడే బండి మీద వస్తాంటాడు గదమ్మా, రోడ్డు బాగలేదు, జాగ్రత్త" అని చెప్పి పోతే చాలు. ఆ మాటలో ఒక్క తప్పు లేదు. పోలీస్ స్టేషన్‌కు పోయి కేసు పెట్టడానికి కూడా ఏమీ లేదు. ఆ తల్లికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. ఈ సీన్ నేను ఎంతమందికి చెప్పానో! తీసినవాళ్లు తక్కువ. అందరికీ సుమోలు, వేటకొడవళ్లు, తెల్ల చొక్కాలు కావాలి.

దీనికి జయప్రకాశ్ రెడ్డి గారిని కారణంగా చూపిస్తారు. అది అన్యాయం. ఆయనది మన సిరివెళ్ల. సినిమాల్లోకి రాకముందు బడిపంతులు. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చాక మన యాస రాష్ట్రమంతా వినపడింది. ఆయన అరిచిన సీన్లే అందరికీ గుర్తున్నాయి గానీ, అరిచే ముందు ఆయన మాటను ఎట్లా సాగదీసి, ఎక్కడ ఆపేవాడో చూడండి. బెదిరింపంతా ఆ ఆపడంలోనే ఉంది. తర్వాత వచ్చినవాళ్లు ఆయన దగ్గర గొంతు ఒక్కటే తీసుకున్నారు, ఆ నిదానం వదిలేశారు.

నిదానంగా మాట్లాడేవాణ్ని పెట్టుకుంటే సులువని మాత్రం అనుకోవద్దు. ఊరికే మౌనంగా కూర్చోబెడితే డైలాగ్ మర్చిపోయిన నటుడిలా ఉంటాడు. వాడు ఏం చేయగలడో సినిమా మొదట్లోనే ఒక్కసారి చూపించాలి. నేరుగా చూపించకపోయినా ఫరవాలేదు. వాడు హోటల్లోకి వస్తే అక్కడ టీ తాగేవాళ్లు గ్లాసు సగంలో వదిలి లేచిపోవాలి, యజమాని డబ్బులు తీసుకోకూడదు. అది చేసేది ఆ నటుడు కాదు, చుట్టూ ఉన్న జూనియర్ ఆర్టిస్టులు. కాబట్టి రిహార్సల్ వాళ్లకే ఎక్కువ చేయించండి. ఖర్చు పరంగా కూడా ఇదే మేలు. ఫోన్‌కు చిన్న మైకు తగిలించి తీసేవాళ్లకు అరుపులు రికార్డైతే గరగరమని పగిలిపోతాయి, మళ్లీ డబ్బింగ్ తప్పదు.

ఊరికే నవ్వే సైకో గురించి కూడా అడుగుతుంటారు. వద్దు, చాలా అయిపోయాయి. లంచగొండి ఎస్సై ఉంటే కథ ముందుకు నడుస్తుంది గానీ భయం రాదు. ఆడవాళ్ల పాత్రల గురించి ఎవరూ అడగరు, అడిగితే బాగుంటుంది. 'పుష్ప'లో మంగళం శ్రీను వెనకాల దాక్షాయణిగా అనసూయ కూర్చున్న తీరు ఒక్కసారి చూడండి.

మీ దగ్గరున్న నటుడు కెమెరా ముందు రెప్ప వేయకుండా, చేతులు కదపకుండా పది సెకన్లు ఎదుటివాణ్ని చూడగలిగితే నిదానంగా మాట్లాడేవాణ్నే రాసుకోండి. చూడలేకపోతే అరిచేవాణ్నే పెట్టండి. కానీ రెండు సీన్లు దాటనీయొద్దు, వాడితో హీరో ఇంటి అడ్రస్ మాత్రం అరిపించొద్దు. ఆ మాట చెప్పడానికి చెంబుతో నీళ్లు తాగే ఇంకొకణ్ని పంపండి.