బైబిల్ పండితులతో ఇంటర్వ్యూల ఆడియో సిరీస్: సబ్‌స్క్రిప్షన్ తీసుకోవచ్చా?

ముందే చెప్పేస్తా, తీసుకోవచ్చు. కాకపోతే మొదటి ఎపిసోడ్ నుంచి వరుసగా వింటూ పోవద్దు. అలా వింటే విసుగొచ్చి మధ్యలోనే వదిలేస్తారు, ఎందుకంటే ఈ సిరీస్ చేసినవాళ్ళు బలహీనమైన భాగాన్ని తెచ్చి ముందు పెట్టి అసలు సరుకంతా వెనక పెట్టారు.

పద్ధతి మామూలే. ఒక్కో ఎపిసోడ్‌కి ఒక పండితుడో పండితురాలో వస్తారు, ఎదురుగా ఒక హోస్ట్, గంట అటూ ఇటూగా మాట్లాడుకుంటారు. అంతా ఇంగ్లీషులోనే. విశ్వాసం, లేఖనం, ఆరాధన అని మూడు భాగాలు చేశారు. పిలిచినవాళ్ళలో పాత నిబంధన పండితులు, రాతప్రతుల మీద పనిచేసేవాళ్ళు, సంఘ చరిత్ర చెప్పేవాళ్ళు ఉన్నారు, ప్రొటెస్టెంట్లతో పాటు కాథలిక్కులు, ఆర్థడాక్స్ వాళ్ళూ ఉన్నారు, అది మంచి విషయం. సిరీస్ పేరు మాత్రం రాయట్లేదు, కింద యాప్ మీద నాలుగు తిట్లు ఉన్నాయి. పైగా ఇలాంటివి ఇప్పుడు బోలెడు వస్తున్నాయి, ఏది ఎంచుకోవాలన్నా నేను చెప్పేది పనికొస్తుంది.

లేఖనం భాగంతో మొదలుపెడతా, డబ్బులకి న్యాయం చేసేది అదే. అందులో మార్కు సువార్త ముగింపు మీద చేసిన ఎపిసోడ్ ఒక్కటి చాలు. విషయం బైబిల్ కాలేజీలో చదివినవాళ్ళందరికీ తెలిసిందే. 4వ శతాబ్దానికి చెందిన రెండు పెద్ద గ్రీకు రాతప్రతులు, సినాయిటికస్, వాటికానస్, రెండింట్లోనూ మార్కు 16వ అధ్యాయం 8వ వచనం దగ్గర ఆగిపోతుంది. స్త్రీలు వణుకుతూ సమాధి దగ్గర నుంచి పారిపోయారు, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, అంతే, పుస్తకం అయిపోయింది. పాముల్ని ఎత్తిపట్టుకోవడం, విషం తాగినా హాని కలగకపోవడం, ఇవన్నీ ఉన్న 9 నుంచి 20 వచనాలు వాటిలో లేవు. చాలా బైబిళ్ళలో అడుగున చిన్న అక్షరాల్లో ఈ సంగతి ఉంటుంది కూడా. కానీ ఆదివారం సంఘంలో కూర్చునే మనిషికి దాని గురించి ఎవరూ నోరు తెరిచి చెప్పరు.

ఆ పండితుడు ఊరికే చెప్పి వదిలెయ్యలేదు. వాటికానస్‌లో పేజీకి మూడు కాలమ్స్ ఉంటాయి, మార్కు రెండో కాలమ్‌లో ముగుస్తుంది, ఆ తర్వాతి కాలమ్ పూర్తిగా ఖాళీ. ఆ రాసినవాడికి ఇంకో ముగింపు ఉందని తెలిసి చోటు వదిలాడా, లేక వేరే కారణమా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారట. అదే సమయంలో రెండో వైపూ చెప్పాడు: సుమారు 180లో బిషప్ ఐరేనియస్ 16:19ని మార్కు మాటగానే ఉదహరించాడు, అంటే ఆ పొడవు ముగింపు ఆ రెండు రాతప్రతుల కంటే ముందే తిరుగుతూ ఉంది. వినేవాడికి ఇక్కడ బుర్ర పనిచెయ్యడం మొదలవుతుంది. పాతవే, కానీ బహుశా మార్కు రాసినవి కావు. మరి వాటిని ఏమనాలి?

హోస్ట్ సరిగ్గా ఇక్కడే అడగాల్సింది అడిగాడు: అయితే వచ్చే ఆదివారం ఈ వచనాల మీద ప్రసంగం చెయ్యాలా వద్దా? చాలాసేపు చప్పుడు లేదు (ఎడిటింగ్‌లో తీసేయకుండా ఉంచినందుకు వాళ్ళకి దణ్ణం పెట్టాలి). తర్వాత పండితుడు సంఘంలో చదువుతానని, కేవలం దాని మీదే ఏ సిద్ధాంతమూ కట్టనని, పాముల జోలికి మాత్రం ఎవర్నీ వెళ్ళనివ్వనని చెప్పాడు. నాకు ఆ జవాబు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాలేదు, సగం గోడ మీద కూర్చున్నట్టు ఉంది. కానీ ప్రశ్న సూటిగా పడింది, జవాబు సూటిగా వచ్చింది. ఈ సిరీస్‌లో ఒక ఎపిసోడ్ బాగుందా బాలేదా అన్నది అతిథి ఎంత పెద్ద పండితుడన్న దాని మీద లేదు, హోస్ట్ ఆ రెండో ప్రశ్న అడిగాడా లేదా అన్న దాని మీద ఉంది. అడిగిన చోటల్లా బాగుంది, మొహమాటపడి "అద్భుతంగా చెప్పారు" అని ముందుకెళ్ళిన చోటల్లా చప్పగా ఉంది.

కుమ్రాను చుట్టల (చుట్టి పెట్టే పాత రాతప్రతుల) ఎపిసోడ్ కూడా వదలొద్దు. 1947లో మృత సముద్రం పక్కన గుహల్లో దొరకడం మొదలైన ఆ చుట్టల్లో యెషయా గ్రంథం మొత్తం 66 అధ్యాయాలతో దొరికింది, ఏడు మీటర్లకి పైగా పొడవు. అప్పటిదాకా పూర్తి హీబ్రూ బైబిల్‌కి ఆధారంగా ఉన్న లెనిన్‌గ్రాడ్ కోడెక్స్ అనే రాతప్రతి 1008 నాటిది, యెషయా చుట్ట దాని కంటే సుమారు వెయ్యేళ్ళు పాతది. ఇంతవరకు ప్రసంగాల్లో అందరూ చెప్తారు, ఆ వెంటనే "ఒక్క అక్షరం కూడా మారలేదు" అని కూడా అంటారు. ఈ పండితురాలు ఆ మాట ఒప్పుకోలేదు. తేడాలు చాలానే ఉన్నాయి, ఎక్కువ భాగం స్పెల్లింగ్ లాంటి చిన్నవి, కొన్ని మాత్రం అర్థం దాకా వెళ్తాయి, మొత్తం మీద పుస్తకం మాత్రం అదే పుస్తకం అంది. యిర్మీయా దగ్గరికి వస్తే కథ వేరు, అదే గుహల్లో పొడవు రూపమూ, గ్రీకు అనువాదంలో కనిపించే పొట్టి రూపమూ రెండూ దొరికాయి. అంటే ఆ కాలం యూదుల చేతుల్లో రెండు రకాల యిర్మీయాలు ఉన్నాయన్నమాట. ఒకళ్ళు గొప్పగా, ఇంకొకళ్ళు భయంగా చెప్పే విషయాన్ని ఆవిడ హడావుడి లేకుండా చెప్పుకుపోయింది.

నైసియా సభ గురించిన ఎపిసోడ్ కొంచెం పాఠంలా సాగుతుంది గానీ పనికొస్తుంది. 325లో నైసియాలో బిషప్పులు ఓట్లేసి బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో తేల్చారు అనే మాట ఫార్వర్డ్‌లలో తిరుగుతూనే ఉంటుంది. ఆ సభ ఇచ్చిన 20 నియమాల్లో పుస్తకాల జాబితా అన్నదే లేదు. మనకి తెలిసిన 27 పుస్తకాల క్రొత్త నిబంధన, అవే పేర్లతో, 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేషియస్ రాసిన పండుగ లేఖలో కనిపిస్తుంది. అంతకు ముందే సంఘ చరిత్ర రాసిన యుసేబియస్ యాకోబు, యూదా, 2 పేతురు లాంటి పత్రికల్ని కొందరు ఒప్పుకోనివిగా రాసిపెట్టాడు. ఇక ఆ 20 నియమాల్లో చివరిది ఏంటో తెలుసా? ఆదివారం మోకాళ్ళూనకుండా నిలబడి ప్రార్థన చెయ్యాలని! హోస్ట్ ఇది విని నవ్వేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు. ఎందుకు అని ఒక్క మాట అడిగి ఉంటే ఇంకో పది నిమిషాలు హాయిగా వినేవాళ్ళం.

ఆరాధన భాగం నేను ఏమీ ఆశించకుండా విన్నాను. పాటలు, బ్యాండు, డ్రమ్స్ ఉండాలా వద్దా అని కొట్టుకుంటారేమో అనుకున్నా. అలాంటివీ ఉన్నాయి, దాటేయండి. మొదటి రెండు శతాబ్దాల మీద చేసినవి మాత్రం చాలా బాగున్నాయి. సుమారు 112లో రోమా గవర్నర్ ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కి రాసిన ఉత్తరం మీద పూర్తిగా ఒక ఎపిసోడ్ ఉంది. క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి, క్రీస్తుకి దేవుడికి పాడినట్టు పాడతారని అందులో ఉంటుంది. ఆ సమాచారం కోసం అతను పరిచారికలని పిలవబడే ఇద్దరు బానిస స్త్రీలని చిత్రహింస పెట్టించాడు. మనం ఆ ఉత్తరాన్ని సాక్ష్యంగా ఎంత తేలిగ్గా వాడేస్తామో ఆ చరిత్రకారిణి గుర్తు చేసింది. యేసుని ఆరాధించడం శతాబ్దాల తర్వాత మెల్లగా పుట్టింది కాదని, మొదటి రెండు దశాబ్దాల్లోనే ఉందని క్రొత్త నిబంధన పండితుడు లారీ హర్టాడో చేసిన వాదన కూడా ఇక్కడే వస్తుంది, ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం ముందు పెట్టుకుని.

రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్ సుమారు 155లో వర్ణించిన ఆదివారం కూడిక వింటే ఇంకో రకంగా అనిపిస్తుంది. అపొస్తలుల జ్ఞాపకాలు గానీ ప్రవక్తల రాతలు గానీ సమయం ఉన్నంతసేపు చదివేవారట, తర్వాత పెద్ద లేచి హితవు చెప్పేవాడట, అందరూ నిలబడి ప్రార్థన, రొట్టె, నీళ్ళు కలిపిన ద్రాక్షారసం, రానివాళ్ళకి ఇంటికి పంపడం, అనాథలకి విధవరాళ్ళకి చందా. చదవడం అంతసేపు! ఇప్పుడు రెండు వచనాలు చదివి గంటసేపు మాట్లాడేవాళ్ళు ఇది ఒకసారి వినాలి. బాప్తిస్మం మీద ముంచాలా చల్లాలా అని గొడవపడేవాళ్ళకి డిడాఖే ఎపిసోడ్ వినిపించండి. ఎంతో పాత ఆ చిన్న పుస్తకం, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో మళ్ళీ బయటపడింది, పారే నీళ్ళలో ఇవ్వండి, అవి లేకపోతే వేరే నీళ్ళు, చల్లనివి కుదరకపోతే వెచ్చనివి, ఏవీ సరిపడా లేకపోతే తల మీద మూడుసార్లు పొయ్యండి అంటుంది. రెండు పక్షాలకీ ఇబ్బందే.

ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) మీద ఉన్నది ఈ సిరీస్ మొత్తంలో ఒకే ఒక్క ముగ్గురి చర్చ: ఒక లూథరన్, ఒక రిఫార్మ్‌డ్, ఒక ఆర్థడాక్స్. 1529లో మార్‌బర్గ్‌లో సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ కలిసినప్పుడు లూథర్ బల్ల మీద సుద్దముక్కతో "ఇది నా శరీరము" అని లాటిన్‌లో రాసిపెట్టాడన్న సంగతితో మొదలవుతుంది. 15 అంశాల్లో 14 మీద ఒప్పుకుని, రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉందా అన్న ఆ ఒక్కదాని మీద విడిపోయారు. స్టూడియోలో వాళ్ళ వారసుల్లాంటి లూథరన్, రిఫార్మ్‌డ్ ఇద్దరూ కూడా దగ్గర దగ్గర అక్కడే విడిపోయారు! గొంతు పెంచలేదు, ఒకళ్ళ మాట ఒకళ్ళు పూర్తిగా విన్నారు, కానీ చివర్లో "మనమందరం ఒకటే" అని దుప్పటి కప్పలేదు. ఆర్థడాక్స్ ఆయన మధ్యలో మీ ప్రశ్నే మా దగ్గర ఎవరూ అడగలేదు అన్నట్టు మాట్లాడి ఇద్దర్నీ ఆపేశాడు. రెండోసారి విన్నది ఇదొక్కటే.

ఇక విశ్వాసం భాగం. ఏం చెప్పాలి? శ్రమల మీద, సందేహం మీద, ప్రార్థనకి జవాబు రాకపోవడం మీద ఎపిసోడ్‌లున్నాయి, వచ్చినవాళ్ళూ చిన్నవాళ్ళు కాదు, కానీ మైకు ముందు కూర్చోగానే పండితులంతా పాస్టర్లయిపోయారు. అతిథి పరిచయం, పొగడ్తలు, హోస్ట్ సొంత సాక్ష్యం, ఇవి అయ్యేసరికి సగం ఎపిసోడ్ పోతుంది. శ్రమల మీద ఉన్నదాంట్లో 88వ కీర్తన గురించిన కాసేపే బాగుంది: మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివర్లో స్తుతి వైపు తిరుగుతాయి, ఇది తిరగదు, చీకటి అన్న మాటతోనే ఆగిపోతుంది, దాన్ని అలాగే పాటల పుస్తకంలో ఉంచుకున్నారు అని చెప్పింది ఆ పాత నిబంధన పండితురాలు. వెంటనే హోస్ట్ అందుకుని "కానీ చివరికి దేవుడు వెలుగు తెస్తాడు కదా" అనేశాడు. అమ్మా! ఆవిడ ఇప్పుడే తిరగదని చెప్పింది కదయ్యా.

యాప్ సంగతి. వచనం పేరు కొట్టి వెతికే సౌకర్యం లేదు, బైబిల్ మీద నడిచే సిరీస్‌కి ఇది లేకపోవడం ఏంటో నాకు అర్థం కాలేదు. రోమా 8 గురించి ఎక్కడ మాట్లాడారో కావాలంటే అన్నీ వినాల్సిందే. ట్రాన్‌స్క్రిప్ట్‌లు మెషీన్ రాసినవి, మనిషి దిద్దినట్టు లేదు. ఐరేనియస్, యుసేబియస్ పేర్లు ఒక్కో చోట ఒక్కోలా పడ్డాయి, హీబ్రూ మాటలొచ్చిన చోట అంతా గందరగోళం. పండితుడు చెప్పిన పుస్తకం పేరు రాసుకుందామంటే అదీ కుదరదు. గడువు అయిపోగానే దానంతట అదే రెన్యువల్ అయ్యేలా పెట్టారు, ఆపడానికి సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపల దాచారు, కస్టమర్ సపోర్ట్‌కి రాస్తే రెడీమేడ్ మెయిల్ వచ్చింది. ఆడియో క్వాలిటీ మాత్రం ఎక్కడా వంక పెట్టలేం.

సంఘంలో బైబిల్ స్టడీ నడిపేవాళ్ళు, సండే స్కూల్లో పెద్ద పిల్లల ప్రశ్నలకి తడబడేవాళ్ళు తప్పకుండా తీసుకోండి. వాదనలో ఎవర్నో ఓడించడానికి పాయింట్లు కావాలనుకునేవాళ్ళకి ఇది అంతగా ఉపయోగపడదు, ఎందుకంటే మంచి ఎపిసోడ్‌లన్నీ ఆ పాయింట్లని రెండు వైపులా మొద్దుబార్చేస్తాయి. క్రైస్తవులు కాకపోయినా పాత రాతప్రతుల మీద, రోమా చరిత్ర మీద ఆసక్తి ఉంటే రెండో భాగం, మూడో భాగంలో మొదటి సగం వినొచ్చు, ప్రసంగం చేస్తున్నట్టు అనిపించదు. మార్కు ముగింపుతో మొదలుపెట్టి, కుమ్రాను, ప్లినీ, ప్రభు బల్ల వరుసలో వెళ్ళండి, మొదటి భాగంలో 88వ కీర్తన ఉన్న ఎపిసోడ్ ఒక్కటి చివర్లో చూసుకోండి. డబ్బు కట్టిన రోజే ఆటో రెన్యువల్ ఆఫ్ చేసి పెట్టుకోండి, వింటున్నది ఆగదు, గడువు దాకా నడుస్తుంది.