మంట చూసి కట్టెల గ్యాసిఫయర్ కొనకండి. నాకేం జరిగిందో చదివాక నిర్ణయించుకోండి

చెరువుల దగ్గర జనరేటర్‌కో, పిండిమరకో, రంపపు మిషన్‌కో కట్టెల గ్యాసిఫయర్ పెట్టుకుందామని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గ్యాసిఫయర్ అంటే కట్టెల్నో కొబ్బరి చిప్పల్నో కొద్దిపాటి గాలితో కాల్చి, ఇంజిన్ నడిపే గ్యాస్ తయారుచేసే డ్రమ్ము. నేను కొన్నాను. కిట్‌కి 1,40,000 రూపాయలు, తర్వాత ఇంజిన్ హెడ్ బాగుచేయించడానికి 38,000 అయ్యాయి. డబ్బు పోతే పోయింది, మా చెరువు దగ్గర పనిచేసే కుర్రాడి ప్రాణం మీదకు వచ్చింది. అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నాను.

మాది కోనసీమ. మూడెకరాల వనామీ రొయ్యల చెరువు. రొయ్యలు వేసేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, రాత్రి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. అందుకని 20 కేవీఏ డీజిల్ జనరేటర్ ఉంచుకున్నాం. ఏరియేటర్లన్నీ తిరిగితే గంటకు మూడు లీటర్లకు పైనే తాగుతుంది. ఇంకోపక్క ఇంటి వెనక కొబ్బరి చిప్పలు గుట్టలుగా పడి ఉంటాయి. ఇలాంటప్పుడు ఫోన్‌లో ఒక వీడియో కనపడింది. డ్రమ్ములో చిప్పలు వేశారు, గొట్టం చివర అగ్గిపుల్ల గీశారు, మనిషెత్తు మంట లేచింది. 'డీజిల్ సున్నా' అని పెద్ద అక్షరాలు.

అమ్మేవాళ్ల షెడ్డుకు నేనూ మా బావమరిదీ వెళ్లాం. యజమాని మర్యాదగా మాట్లాడాడు. "మీ తాతల కాలంలో బస్సులే నడిచాయి సార్ దీనిమీద" అన్నాడు. ఆ మాటకే నేను పడిపోయాను. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గు బస్సులు తిరిగాయనీ, పొద్దున్నే క్లీనర్ హ్యాండిల్ తిప్పుతూ నిప్పు రాజేసేవాడనీ మా తాతయ్య చెప్పేవారు. బిల్లు లేకుండా అయితే తక్కువకు ఇస్తానన్నాడు, సరే అన్నాను. విడిభాగాలు, ఒక డ్రాయింగ్ కాగితం పంపిస్తే మా ఊరి వెల్డింగ్ షాపులో నాలుగు రోజులు కూర్చుని బిగించుకున్నాం.

మొదటి రోజు నిజంగానే పనిచేసింది. గ్యాస్ అందుకోగానే ఇంజిన్ శబ్దం మెత్తబడింది. డీజిల్ వాడకం దాదాపు సగానికి పడింది. 'సున్నా' కాలేదేంటని అడిగితే "ఇంజిన్ అలవాటు పడాలి సార్" అన్నాడు. ఇది పచ్చి అబద్ధం. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. కట్టెల గ్యాస్ దానంతట అది అంటుకోదు, అంటించడానికి ప్రతిసారీ కొంత డీజిల్ పడాల్సిందే. అన్నీ కుదిరితే 70 శాతం దాకా డీజిల్ మిగులుతుంది. పూర్తిగా గ్యాస్ మీదే నడపాలంటే స్పార్క్ పెట్టి మార్చిన ఇంజిన్ కావాలి. మామూలు డీజిల్ ఇంజిన్ చూపించి 'డీజిల్ సున్నా' అన్నవాడి దగ్గర ఇంకో మాట వినకుండా లేచి వచ్చేయండి.

అప్పుడప్పుడూ కరెంటు పోయినప్పుడు నడపగా మొత్తం ఇరవై గంటలు నడిచి ఉంటుంది. ఆ తర్వాత ఒక రోజు పొద్దున్న ఇంజిన్ తిరగనంది. సెల్ఫ్ కొడితే టక్‌మని ఆగిపోతోంది. మెకానిక్ వచ్చి హెడ్ విప్పాడు. గాలి లోపలికి పోయే గొట్టంలో వేలు పెట్టి తీసి నాకు చూపించాడు. ముదురు బెల్లం పాకం నల్లగా మారితే ఎలా ఉంటుందో అలా ఉంది. వేళ్లు విడదీస్తే తీగలు సాగుతోంది. కాలిన కట్టె, తారు కలిసిన ఘాటు వాసన. వాల్వు కాడలకు అదే పట్టి, చల్లారాక రాయిలా గట్టిపడింది. వాల్వు ఇరుక్కుపోయి ఉండగా సెల్ఫ్ కొట్టడంతో, వాల్వులను తెరిచే కడ్డీలు, అంటే పుష్ రాడ్లు రెండు వంగిపోయాయి. మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో గీకుతుంటే పెళుసుగా పెచ్చులు లేచాయి. డీజిల్‌తో కడిగినా ఆ జిగురు చేతులకు రెండు రోజులు వదల్లేదు.

మా బావగారికి తెలిసిన ఒక మాస్టారు ఉన్నారు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్పి రిటైరయ్యారు. ఆయన వచ్చి డ్రమ్ము విప్పించి, టేపుతో కొలిచి, నేల మీద సుద్దతో గీసి చెప్పినదంతా ఇక్కడ పెడుతున్నాను. కొనకముందు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

కట్టెను కొద్దిపాటి గాలితో కాలిస్తే మొదట తేమ పోతుంది, ఆ తర్వాత పొగ, తారు వస్తాయి, చివరికి బొగ్గు మిగులుతుంది. ఆ తారు ఆవిర్లన్నీ వెయ్యి డిగ్రీలు దాటిన నిప్పుల గుండా పోతేనే విరిగి గ్యాస్ అవుతాయి. అందుకే మంచి గ్యాసిఫయర్‌లో గాలి, కట్టె, గ్యాస్ అన్నీ కిందికే దిగి, మధ్యలో సన్నటి గొంతు దాటాలి. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో లక్షల వాహనాలు కట్టెల మీద నడిచాయంటే ఆ గొంతు కొలతలు సరిగ్గా కట్టడం వల్లే. ఇక మన బొగ్గు బస్సుల సంగతి. వాటిలో వేసింది కట్టె బొగ్గు. కట్టెను బొగ్గు చేసేటప్పుడే తారు చాలావరకు పోయి ఉంటుంది. బొగ్గు చేయని చిప్పలు వేసే డ్రమ్ముకు ఆ బస్సును సాక్ష్యంగా చూపించడం నన్ను మాయచేయడమే.

మా జనరేటర్ లోడుకు గొంతు మూడంగుళాల దరిదాపుల్లో ఉండాలట. మా డ్రమ్ములో ఆరంగుళాలు ఉంది. అంత వెడల్పు గొంతులో ఇంత చిన్న ఇంజిన్ పీల్చే గాలికి నిప్పు పూర్తి వేడికి రాదు, తారు విరక్కుండానే జారిపోతుంది. దానికితోడు మేం పగలు సగం ఏరియేటర్లు ఆపేస్తాం. లోడు తగ్గగానే గాలి ఇంకా తగ్గుతుంది, నిప్పు ఇంకా చల్లబడుతుంది. అమ్మినవాడు పిండిమరకైనా చెరువుకైనా ఒకటే డ్రమ్ము ఇస్తున్నాడు. మీ ఇంజిన్ ఎన్ని కిలోవాట్లు, అతి తక్కువ లోడు ఎంత అని అడగకుండా ధర చెప్పారంటే వాళ్ల దగ్గర లెక్క లేదని అర్థం.

గొంతు స్టెయిన్‌లెస్ స్టీలుదని చెప్పి అమ్మాడు, మాస్టారు అయస్కాంతం పెడితే గట్టిగా అతుక్కుంది. పైన వెండి రంగు పూసిన మామూలు ఇనుము. అప్పటికే అంచు తినేసి, వేలు పట్టేంత కంత పడింది. స్టెయిన్‌లెస్‌లోనూ అయస్కాంతానికి అతుక్కునే రకాలు ఉన్నాయి కాబట్టి అదొక్కటే రుజువు అనను. కానీ 304 రకం స్టెయిన్‌లెస్ అనో 310 రకం అనో చెప్పి అమ్మితే ఆ రేకు అంత గట్టిగా అతుక్కోకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. గొట్టం చివర మంట బాగా వచ్చిందంటే గ్యాస్ శుభ్రంగా ఉన్నట్టు కాదండీ. వేడి గ్యాస్‌లో తారు ఆవిరిగా ఉంటుంది, అదీ మంటలో కలిసి కాలిపోతుంది. తారు ఎక్కువుంటే మంట ఇంకా పెద్దగా, పసుప్పచ్చగా, చూడముచ్చటగా వస్తుంది. అదే గ్యాస్ చల్లబడి ఇంజిన్‌లోకి పోయేటప్పుడు తారు గోడలకు పట్టేస్తుంది. వీడియోల్లో మంట మాత్రమే చూపించి, ఇంజిన్ విప్పి చూపించకపోవడానికి కారణం ఇదే. ఇంజిన్‌లోకి పోయే గ్యాస్‌లో ఘనపు మీటరుకు తారు 100 మిల్లీగ్రాములకు మించకూడదని మాస్టారు చెప్పారు. కింద గాలి పెట్టి పైనుంచి గ్యాస్ లాగే డ్రమ్ముల్లో అది గ్రాముల్లో ఉంటుందట. అవి బట్టీలకు, బాయిలర్లకు పనికొస్తాయి, ఇంజిన్‌కు పనికిరావు.

కుర్రాడి సంగతి ఇంకా చెప్పలేదు.

ఇంజిన్ పాడవకముందు ఒక రాత్రి వాన. ఒంటిగంటన్నరకు కరెంటు వచ్చింది, వాడు ఇంజిన్ ఆపేసి, జల్లు కొడుతోందని షెడ్డు తలుపు వేసుకుని పడుకున్నాడు. డ్రమ్ము అదే షెడ్డులో ఉంది. తెల్లవారుజామున మేత వేయడానికి వెళ్తే వాడు గట్టు మీద తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "అన్నా, కళ్లు తిరుగుతున్నాయి" అని వాంతి చేసుకున్నాడు. రాత్రి తిన్నది పడలేదేమో అనుకున్నాం. ఆసుపత్రికి తీసుకెళితే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నాడా?" అని. ఆక్సిజన్ పెట్టి ఒక రోజంతా ఉంచారు. దేవుడి దయవల్ల కోలుకున్నాడు. వాడికి మెలకువ రాకపోయి ఉంటే వాళ్లమ్మకు నేను ఏమని చెప్పేవాణ్ణో తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

కట్టెల గ్యాస్‌లో ఐదో వంతు దాకా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. "ఇంజిన్ లోపలికి పీల్చుకుంటుంది సార్, బయటకు రాదు" అన్నాడు అమ్మినవాడు. నడిచేటప్పుడు అది నిజమే కావచ్చు. ఇంజిన్ ఆగాక డ్రమ్ములో నిప్పు చాలాసేపు బతికే ఉంటుంది, గ్యాస్ పుడుతూనే ఉంటుంది, పీల్చేవాడు ఉండడు. మా డ్రమ్ము మూతకు ఇచ్చింది రబ్బరు తాడు. అది రెండో రోజుకే మాడి ముడుచుకుపోయింది. ఆ సందులోంచి రాత్రంతా షెడ్డులోకి వచ్చింది. ఇప్పటికే కొనుక్కున్నవాళ్లు ఈ రోజే డ్రమ్మును ఆరుబయటకు మార్చండి, నాలుగు వైపులా గాలి ఆడేలా పైకప్పు మాత్రమే ఉంచండి. దగ్గరలో ఎవర్నీ పడుకోనివ్వకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది లేకుండా నడపకండి. వేడి మీద మూత తీయడం కూడా ప్రమాదమే. గాలి తగిలి భగ్గుమంటుంది, మా వెల్డర్ కనుబొమ్మలు అలాగే కాలాయి.

ఫిల్టర్ అడుగున చేరే నీళ్ల గురించి ఎవరూ చెప్పరు. టీ డికాక్షన్ రంగులో, ఫినాయిల్ లాంటి వాసనతో ఉంటాయి. మా కుర్రాడు తెలియక ఒక బకెట్ పక్కనున్న బోదెలో పారబోస్తే మర్నాటికి అందులోని చేపపిల్లలు వెల్లకిలా తేలాయి. ఆ నీళ్లు చెరువులోకి పోయి ఉంటే పంట మొత్తం పోయేది.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే ముందు "మీ చిప్పలు తడిగా ఉన్నాయి" అన్నాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. తేమ 20 శాతం లోపు ఉండాలి, వానాకాలంలో మా గుట్ట అంత ఆరి ఉండదు. కానీ కొనేటప్పుడు "ఏదైనా వేయండి, ఊక వేసినా నడుస్తుంది" అన్నది అతనే. ఊకలో బూడిద చాలా ఎక్కువ, అది కరిగి గడ్డకట్టి గొంతు మూసేస్తుంది, దానికి వేరే తరహా గ్యాసిఫయర్ ఉండాలి. తర్వాత "మీ ఇంజిన్ పాతది" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

పద్ధతే చెడ్డదని నేను అనడం లేదు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1980ల నుంచి దీని మీద పనిచేశారు, సరిగ్గా కట్టినవి నడిచాయి కూడా. నా గొడవంతా డ్రమ్ముకు గొట్టం అతికించి గ్యాసిఫయర్ అని అమ్మేవాళ్లతోనే.

ఒకవేళ కొనాలనే ఉంటే, మీరు వాడబోయే చిప్పలో, సరుగుడు ముక్కలో మీరే బస్తాల్లో తీసుకెళ్లండి. వాళ్ల దగ్గర మీ లోడంత లోడు పెట్టి ఎనిమిది గంటలు నడిపించండి, మధ్యలో రెండు గంటలు లోడు సగానికి తగ్గించండి. ఫిల్టర్ దాటాక గ్యాస్ దారిలో తెల్లటి నూలు గుడ్డ ఒక పొర అడ్డం పెట్టించి చూడండి, గోధుమరంగు జిడ్డు పట్టిందంటే అదే తారు. చివర్లో ఇంజిన్‌కు గాలి పోయే గొట్టం మీ ఎదురుగా విప్పించి, మీరే వేలు పెట్టి చూసుకోండి. దీనికి ఒప్పుకోని వాళ్ల దగ్గర కొనకండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. నేను తీసుకోలేదు కాబట్టి ఇప్పుడు ఫోన్‌లో డబ్బు పంపిన రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు ప్రింట్ తీసుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. జాతీయ హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశాను. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కాదని అవతలివాళ్లు వాదించవచ్చు. సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొన్న వస్తువుకు 2019 చట్టంలో మినహాయింపు ఉంది, లాయరుతో ఆ మాట చెప్పండి. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి.

మొన్న చూశాను, అదే వీడియో కొత్త పేరుతో మళ్లీ తిరుగుతోంది. అదే వెండి రంగు డ్రమ్ము, అదే మంట. అడ్వాన్స్ మాత్రమే ఇచ్చి ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే రెండో విడత డబ్బు ఆపేయండి. అమలాపురం చుట్టుపక్కల వాళ్లైతే మా చెరువు దగ్గరికి రండి, విప్పిన హెడ్, వంగిన పుష్ రాడ్లు, కంత పడిన గొంతు అలాగే ఉంచాను, చూపిస్తాను.