డైనింగ్ గోడ మీద ఒక్క వాక్యం, ఒక్క ఒత్తు: మూడున్నరేళ్ల అనుభవం

మా డైనింగ్ గోడ మీదున్న వాక్యంలో ఒకే ఒక్క ఒత్తు ఉంది. ఈ మూడున్నరేళ్లలో నేను పడిన తలనొప్పంతా ఆ ఒత్తుతోనే.

వాక్యం బైబిల్లో కీర్తనలు 34:8లో మొదటి ముక్క. ‘యెహోవా ఉత్తముడని రుచి చూచి తెలిసికొనుడి.’ రెండు వరుసలు, పైన సన్నటి సిలువ. నల్ల రంగు వేసిన ఎండీఎఫ్ చెక్కని లేజర్‌తో కోసి చేసింది. మూడడుగుల వెడల్పు, 1,850 రూపాయలు. ఫ్రేమ్ లేదు, అద్దం లేదు, పువ్వులూ పావురాలూ లేవు. 2021 క్రిస్మస్ ముందు ఆన్‌లైన్‌లో చెప్పి చేయించుకున్నాం. తగిలించిన రోజే ఫొటో పెట్టి ఐదు నక్షత్రాలు ఇచ్చేశాను. అందులో ఒకటిన్నర వెనక్కి తీసుకుందామని ఇప్పుడు రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం, నాగావళికి దగ్గర్లోనే. ఆ గోడ అంతకుముందు ఎలా ఉండేదో మన ఇళ్లు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. సంఘం కేలండరు, బట్టల షాపు కేలండరు, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఇచ్చే వాగ్దానం కార్డులు ఆరేళ్లవి వరసగా, మామయ్యగారి రిటైర్మెంటుకి ఎవరో ఇచ్చిన పలక ఒకటి. క్రీస్తే ఈ ఇంటికి యజమాని, ప్రతి భోజనానికీ కనబడని అతిథి అని రాసి ఉంటుందే, అదే. బంగారు రంగు అక్షరాలు, నాలుగు మూలలా గులాబీలు. ఆ మాటంటే నాకు ఇష్టమే. కానీ ఒకే గోడ మీద అన్ని వాక్యాలుంటే ఒక్కటీ చదవం. అన్నీ తీసేసి ఒక్కటే పెడతానంటే అత్తయ్యగారు రెండ్రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడోరోజు, ‘ఏటమ్మా, గోడంతా అలా కాళీగా ఒగ్గేస్తే దేవుడు లేని ఇల్లనుకోరేటి?’ అన్నారు. చివరికి పలక, కేలండర్లు ఆవిడ గదిలోకి వెళ్లాయి. వాగ్దానం కార్డులు బీరువా తలుపు లోపలికి.

మేం బాప్టిస్టులం. ప్రభువు పటాలు పెట్టే అలవాటు మొదటినుంచీ లేదు కాబట్టి పటమా, సిలువా అన్న చర్చ రాలేదు. ఏ వాక్యం అన్నదాని మీదే వచ్చింది. మావారు ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అన్నారు. అన్నం ముందు పెట్టుకుని ఇంకా అడగడమేంటి అన్నాను నేను. ‘రుచి చూచి’ దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. ఆయన చెప్పిన వాక్యంలో అసలు ఒత్తే లేదని ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు.

అమ్మేవాళ్లకి తెలుగు రాదు. వాట్సాప్‌లో వాక్యం టైపు చేసి పంపాను, సాయంత్రానికి డిజైన్ ఫొటో వచ్చింది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! సన్నటి అక్షరాలు, చుట్టూ బోలెడంత ఖాళీ. తీరా చదివితే ‘ఉత్‌తముడని’ అని ఉంది. త కింద ఉండాల్సిన ఒత్తు పొల్లు పెట్టుకుని పక్కకొచ్చి నిలబడింది. మార్చమని చెప్పాను. మర్నాడు మళ్లీ అదే, కాకపోతే సిలువ ఇంకొంచెం పెద్దది. మూడోసారి ఎర్రగీత గీసి పంపితే, మీరు పంపిందే పెట్టాం మేడమ్, మా కంప్యూటర్‌లో ఇలాగే వస్తోంది అన్నారు. వాళ్ల తప్పూ పూర్తిగా కాదు. మన అక్షరాలు ఒకదాని కింద ఒకటి చేరి రూపం మార్చుకుంటాయి కదా, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగ్ ఆన్ చేయకపోతే అది వచ్చింది వచ్చినట్టు వరసగా పేర్చేస్తుంది. ఆ సెట్టింగ్ ఎక్కడుంటుందో వాళ్లకి చెప్పేంత తెలివి నాకు లేదు. చెప్పినా వినేంత ఓపిక వాళ్లకి లేదు.

దీన్ని తేల్చింది ఊళ్లో ఒక డీటీపీ సెంటర్‌లో కుర్రాడు. పెళ్లికార్డులు కొడుతున్నవాడు ఐదు నిమిషాలు అది పక్కనపెట్టి, అను అనే తెలుగు ఫాంట్‌లో టైపు చేసి, కోరల్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ‘కర్వ్స్’కి మార్చి ఫైల్ ఇచ్చాడు. ‘ఇప్పుడిది అక్షరాలు కాదు మేడమ్, బొమ్మ. ఏ కంప్యూటర్‌లో తెరిచినా విరగదు’ అన్నాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు. ఈ సమీక్షలో మీకు పనికొచ్చేది ఒక్కటే ఉందంటే ఇదే: తెలుగు వాక్యం చేయించుకుంటే టైపు చేసి పంపకండి, కర్వ్స్ చేయించి పంపండి. నిండా పువ్వులున్న పలకలో ఒత్తు పోతే ఎవరూ చూడరు. ఖాళీ గోడ మీద పద్దెనిమిది అక్షరాలే ఉన్నప్పుడు చూడ్డానికి ఇంకేం ఉంటుంది?

వచ్చాక మాత్రం నిజంగా సంతోషపడ్డాను. విప్పగానే కాలిన చెక్క వాసన, లేజర్ కోసిన అంచులు మాడినట్టుంటాయి కాబట్టి. వారం రోజులు పోపు వాసనలో కలిసి అదోరకంగా ఉండేది. తర్వాత పోయింది. మావారు నిలబడి చూసుకుని కంటి ఎత్తులో అతికించారు. కూర్చుని చూస్తే తల ఎత్తాల్సి వచ్చింది. భోజనాల గదిలో చూసేది కూర్చునే కదా! పీకి జానెడు కిందికి దించాం, ఆ పీకుడులో గోడ పుట్టీ కొంచెం పెచ్చులు లేచింది. దగ్గర నిలబడి చూస్తే ఆ మరక ఇప్పటికీ కనిపిస్తుంది.

అనుకోకుండా కలిసొచ్చింది ఇంకోటి. మావాడు ఇంగ్లిష్ మీడియం. అప్పటికి ఒకటో తరగతి, తెలుగంటే ఏడుపు. రోజూ అన్నం తింటూ ఎదురుగా అదే గోడ. ఒక్కో అక్షరం కూడబలుక్కుని నెల తిరిగేసరికి మొత్తం చదివేశాడు. గుడి, కొమ్ము, ఎత్వం అన్నీ అందులోనే ఉన్నాయి. ఒత్తంటే ఏంటో వాడికి తెలిసింది ఆ త కిందున్న కొక్కెం చూసే. మావారికైతే ఆ వాక్యం ఒక ఆయుధం. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే నోటితో చెప్పరు, చెంచాతో గోడ చూపిస్తారు.

ఇక ఆ రోజు సంగతి. 2023 ఆగస్టు, వారం రోజులుగా వాన. ఇంట్లో గృహ ప్రార్థన కూటం, తర్వాత భోజనాలు. పాస్టరు గారి కుటుంబం, ఇంకో పది మంది. బల్ల గోడకి ఆనించి, దాని మీద అన్నం డేగిసా, కోడికూర గిన్నె పెట్టాను. డేగిసా మూత తీసినప్పుడల్లా ఆవిరి తిన్నగా గోడకే కొడుతోంది. అది నాకు తట్టలేదు. వడ్డిస్తున్నాను, అందరూ తింటున్నారు. పాస్టరమ్మ గారు ప్లేటు అంచున నల్లగా ఏదో తీసి పెట్టారు. దాల్చినచెక్క అనుకుని నేనూ పట్టించుకోలేదు. ఇంతలో మావాడు గట్టిగా, ‘అమ్మా, ఉతముడని ఉంది!’ అన్నాడు.

అందరూ గోడ వైపు చూశారు. త కింద ఖాళీ. తర్వాత నేను ప్లేటు వైపు చూశాను. పాస్టరమ్మ గారు దాన్ని వేలితో తిప్పి చూసి, ‘కొరుకుడు పడకపోతే ముదురు చెక్కేమో అనుకున్నానమ్మా’ అన్నారు. చిటికెన వేలి గోరుకంటే కొంచెం పెద్దది, మసాలా అంటుకుని నిజంగా చెక్కముక్కలాగే ఉంది. పాస్టరు గారు నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగారు. అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు. ‘ఆ పలకైతే ఇరవై ఏళ్లయినా ఒక్క అచ్చరం రాలనేదు’ అన్నారు, అందరూ వినేట్టు. మిగిలిన కూర నేను పారబోశాను. ఆ పెయింటులో ఏముందో ఏమో.

ఎందుకు ఊడిందో తర్వాత అర్థమైంది. తలకట్టు, గుడి, కొమ్ము అన్నీ అక్షరంతో కలిసి ఒకే ముక్కగా వస్తాయి. ఒత్తు ఒక్కటే విడి ముక్క. దాని వెనక పట్టే టేపు బియ్యపుగింజంత. పైగా ఎండీఎఫ్ అంటే చెక్కపొట్టుని జిగురుతో కలిపి నొక్కి చేసింది, అంచుల్లోంచి తడి పీలుస్తుంది. టీలో ముంచిన బిస్కెట్టులా ఒకసారి ఉబ్బితే మళ్లీ తగ్గదు. మా ఒత్తు వెనకవైపు అలాగే ఉబ్బి ఉంది. ఆ గోడకి అవతల వంటింటి సింకు గొట్టం కూడా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పటి నుంచీ గోడకి చెమ్మ అంటారు మావారు. అంతకుముందు నుంచీ ఉందంటాను నేను.

అమ్మినవాళ్లని అడిగితే, తడి తగలకూడదు మేడమ్, ఏడాది దాటింది కదా అన్నారు. కోపం రాలేదు గానీ, కొనేటప్పుడు ఆ ముక్క చెప్పి ఉంటే బాగుండేది. ఫెవిక్విక్‌తో అతికించాం. నల్ల పెయింటు మీద చుట్టూ తెల్లగా పొగ పట్టినట్టు అయింది. అదీ ఎనిమిది నెలలే ఆగింది. ఈసారి కింద కూర లేదు, దేవుని దయ. ఇప్పుడు అరాల్డైట్‌తో పట్టించాం, గట్టిగానే ఉంది. కాస్త వంకరగా ఉందని నాకు తప్ప ఎవరికీ కనిపించదు.

ఆ గొడవలో ఉన్నప్పుడే మా బావగారు ఓ సంగతి చెప్పారు. లియొనార్డో డా విన్చీ వేసిన ప్రభువు రాత్రి భోజనం చిత్రం కూడా మిలాన్‌లో ఒక మఠం భోజనశాల గోడ మీదే ఉందట. 1490ల్లో తడి సున్నం మీద కాకుండా పొడిగోడ మీద వేశాడు. చెమ్మకి ఆయన బతికుండగానే పెచ్చులు లేవడం మొదలైంది. 1652లో అదే గోడకి తలుపు పెడుతూ బొమ్మ అడుగుభాగం కోసేశారు, ప్రభువు పాదాలు అందులో పోయాయి. నేను తర్వాత చదివి చూశాను, నిజమే. అంత పెద్దాయన గోడకే దిక్కులేనప్పుడు నా ఒత్తు ఎంత అని కొంచెం ఊరటగా అనిపించింది. అత్తయ్యగారికి చెబితే, ‘మరి ఆ గోడమీద ఎందుకెట్టినాడు?’ అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కొత్తలో నేను సంఘంలో కనబడినవాళ్లందరికీ కొనమని చెప్పాను. నలుగురు చేయించుకున్నారు కూడా. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు మీ గోడకి చెమ్మ ఉందా, పొయ్యి ఎంత దూరం అని అడుగుతున్నాను. పొడిగోడ అయితే, బల్లకి రెండు మూడడుగుల ఎడం ఉంటే, చేయించుకోండి. మాలాగా వంటింటిని ఆనుకునే డైనింగ్ అయితే మాత్రం ఆలోచించండి. విజయనగరంలో మా చెల్లి ఇదే వాక్యం అక్రిలిక్‌లో చేయించుకుంది. అది తడికి ఉబ్బదు, కానీ ట్యూబ్‌లైటు కింద మెరిసి సగం అక్షరాలు కనబడవు. ఆర్నెల్లే అయింది, దాని సంగతి అప్పుడే చెప్పలేను. నాకు మాత్రం ఆ ఖాళీ గోడ కావాలి. ఇంట్లో నన్ను కాసేపు ఏమీ అడగని చోటు అదొక్కటే. అందుకే ఒకటిన్నర నక్షత్రం పోయినా అది గోడ మీదే ఉంది.

ఈ క్రిస్మస్‌కి వెల్ల వేయించాలి. అప్పుడు మొత్తం తీసి వెనకవైపు, అంచులకీ వార్నిష్ కొట్టిస్తాను. అది ఆరేదాకా ఆ రెండ్రోజులూ అక్కడ సంఘం కేలండరు పెట్టుకుంటానని అత్తయ్యగారు ముందే చెప్పి ఉంచారు. గోడకి మేకు కూడా తెప్పించుకున్నారు.